రెండో నంబరు కైకు?



ఈద్‌కి పది రోజుల ముందు మా ఆపా కూతురు ఫోన్ చేసింది. రంజాన్ నెలలో దానికి ఊపిరాడదు. ఇంట్లోనే మగ్గం పెట్టుకుని బ్లౌజులకీ, దుపట్టాలకీ జర్దోసీ పని చేస్తుంది. పండగ ఆర్డర్లన్నీ అప్పుడే మీద పడతాయి. అలాంటిది సరిగ్గా ఇఫ్తార్ వేళకి ముందు ఫోన్ చేసిందంటే ఏదో ముసీబత్ అనుకున్నా.

"ఖాలా, ఇంట్లో గొడవైంది. రెండో నంబరు తీసుకుంటానన్నా. అంతే, ఇంకేం అనలేదు."

సంగతేమంటే, దాని నంబరు బట్టల దుకాణం గోడ మీద ఉంది, ఇన్‌స్టాగ్రామ్ పేజీలో ఉంది. గిరాకీ రావాలంటే నంబరు పెట్టక తప్పదు. కానీ ఆ నంబరుకే రాత్రి ఒంటిగంటకి 'హాయ్' అని మెసేజీలు. సహరీకి లేచేసరికి ముక్కూమొహం తెలియనివాళ్ళ వీడియో కాల్స్. ఒకణ్ణి బ్లాక్ చేస్తే ఇంకోడు. పని నంబరు వేరు, ఇంటి నంబరు వేరు పెట్టుకుంటే రాత్రిపూట పని ఫోను ఆపేసుకోవచ్చని దాని ఆలోచన. అమెరికాలో ఉన్న దాని అన్న ఇంటర్నెట్ మీద నడిచే నంబరు తీసుకోమన్నాడట. సిమ్ అక్కర్లేదు, యాప్ ఉంటే చాలు అన్నాడట.

వాళ్ళ సాస్ ఒక్కటే ప్రశ్న వేసింది: "ఏక్ నంబర్ హైనా, దుస్రా కైకు?"

చిన్న ప్రశ్నే. కానీ దాని వెనకున్న షక్ ఎంత పెద్దదో మన ఇళ్లలో పెరిగిన ఆడపిల్లలకి నేను చెప్పక్కర్లేదు. రెండో నంబరు అంటే దాచడం. దాచడం అంటే తప్పు. తప్పంటే ఇంటి ఇజ్జత్. ఒక్క ప్రశ్నలో మూడు మెట్లు ఎక్కేస్తాం.

ఆ పూట దానికి నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే, మన ఇళ్లలో మాట ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎలా పోయిందో ఆ తారీఖ్ అంతా గుర్తొచ్చింది. తారీఖ్ అంటే తేదీ ఒక్కటే కాదు కదా, చరిత్ర కూడా. అందులోనే ఆ ప్రశ్నకి జవాబుంది. అదే ఇక్కడ రాస్తున్నా.

నంబరు ఎందుకు పుట్టింది

మొదట్లో టెలిఫోనుకి నంబరే లేదు. ఫోనెత్తితే ఎక్స్‌ఛేంజిలో ఒక ఆపరేటరు పలికేది. "ఫలానా డాక్టరు గారికి కలపమ్మా" అంటే, ఆమె తీగ తీసి ఆ రంధ్రంలో గుచ్చేది. ఊళ్ళో ఎవరి తీగ ఎక్కడుందో ఆమెకి నోటికొచ్చు. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో కూడా ఆమెకే తెలుసు.

1879లో అమెరికాలోని లోవెల్ అనే ఊళ్ళో తట్టు జబ్బు వ్యాపించింది. అక్కడి డాక్టరు మోసెస్ గ్రీలీ పార్కర్‌కి ఒక భయం పట్టుకుందని చెబుతారు. ఆపరేటర్లందరూ ఒకేసారి మంచం పడితే, కొత్తగా వచ్చినవాళ్ళకి ఎవరి తీగ ఏదో ఎలా తెలుస్తుంది? పేర్లకి బదులు అంకెలు పెట్టండి అని ఆయన సలహా ఇచ్చాడట. అట్లా మనిషికి అంకె తగిలింది.

రెండో మలుపు ఇంకా చిత్రమైనది. కాన్సాస్ సిటీలో ఆల్మన్ స్ట్రోజర్ అని ఒకాయన ఉండేవాడు. అంత్యక్రియల సామాన్లు, ఏర్పాట్లు చూసే వ్యాపారం ఆయనది. ఊళ్ళో ఇంకో పోటీదారు ఉన్నాడు. ఆ పోటీదారు ఇంటి మనిషే ఆపరేటరుగా ఉండి, తనకి రావలసిన కాల్స్ అటు మళ్ళిస్తోందని ఈయన షక్. అది నిజమో కాదో గానీ, ఆ షక్ నుంచే ఆపరేటరు లేకుండా తీగలు వాటంతటవే కలిసే యంత్రం పుట్టింది. 1891లో పేటెంటు వచ్చింది. 1892 నవంబరు 3న ఇండియానా రాష్ట్రం లా పోర్ట్‌లో ఆ యంత్రంతో మొదటి ఎక్స్‌ఛేంజి మొదలైంది.

నాకు ఇందులో నచ్చిన సంగతి ఒకటుంది. మనం వేలితో నంబరు నొక్కి నేరుగా మాట్లాడుతున్నామంటే దాని మూలంలో ఉన్నది వేగం కాదు. 'నా మాట నడిమధ్యలో ఇంకొకరి చేతిలో పడకూడదు' అనే కోరిక. దాన్ని పరదా అనండి, ప్రైవసీ అనండి.

మన దేశంలో కలకత్తా, బొంబాయి, మద్రాసు ఎక్స్‌ఛేంజీలు 1882 జనవరిలో మొదలయ్యాయి. ఆపరేటరు అక్కర్లేని ఎక్స్‌ఛేంజి 1913-14లో సిమ్లాకి వచ్చింది. ఎండాకాలం తెల్లదొరల రాజధాని అదే కదా, వాళ్ళ మాటలకి ముందు పరదా దొరికింది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నేరుగా నంబరు తిప్పే ఎస్‌టీడీ 1960లో లక్నో, కాన్పూర్ల మధ్య మొదలైంది. అది రాయచోటి లాంటి ఊళ్ళకి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అప్పటిదాకా ట్రంక్ కాలే. పోస్టాఫీసులో బుక్ చేసి, ఆర్డినరీనా అర్జంటా చెప్పి, పూటంతా ఇంతెజార్ చేసి, చివరికి లైను కలిస్తే కౌంటరు దగ్గర నిలబడి అరవడం. చావు కబురు, పుట్టుక కబురు, బాకీ కబురు, అన్నీ అరుపులోనే.

ఖత్, క్యాసెట్, బూత్

మా అమ్మీ చెల్లెలు, అంటే మా చిన్న ఖాలా, 1988లో కువైట్ వెళ్ళింది. అరబ్బీ ఇంట్లో పనికి. ఆ రోజుల్లో మా కడప జిల్లా నుంచి, ముఖ్యంగా రాయచోటి, రాజంపేట వైపు నుంచి ఎంతమంది ఆడవాళ్ళు అట్లా విమానం ఎక్కారో ఈ తరం పిల్లలకి తెలియాలి. మగవాళ్ళ గల్ఫ్ కథలు అందరూ చెబుతారు. ఆడవాళ్ళవి ఇళ్లలోనే మూతపడ్డాయి.

ఖాలాకి చదువు రాదు. మా నానీకీ రాదు. కాబట్టి ఇటు ఖత్ రాసేది నేను. పదేళ్ళ పిల్లని. నానీ చెబుతుంటే నేను తెలుగులో రాసేదాన్ని. అటు కువైట్‌లో మన జిల్లావాళ్ళెవరో చదివి వినిపించేవాళ్ళు. అంటే ఒక తల్లీ కూతురూ మాట్లాడుకోవాలంటే మధ్యలో ఇద్దరు ఆపరేటర్లు. అందులో ఒక ఆపరేటర్ని నేను.

ఒకసారి నానీ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి గొంతు తగ్గించి రాయించింది. ఖాలూ ఆ డబ్బంతా పేకాటలో పోస్తున్నాడు, ఇల్లు కట్టడం లేదు, పునాదిలోనే ఆగిపోయింది, ఇకమీదట డ్రాఫ్టు నా పేరున పంపు అని. ఆ ఖత్ జేబులో పెట్టుకుని పోస్టాఫీసుకి పోతుంటే దారిలో ఖాలూ ఎదురయ్యాడు. "ఏం రాశావు బేటా, చదువు" అన్నాడు. పెద్దవాళ్ళు చదవమంటే చదవాలి అనుకునే వయసు. చదివాను. చివరిదాకా చదివాను. ఆయన ఏమీ అనలేదు, నా చేతిలోంచి కాగితం తీసుకుని ముక్కలు చేసి కాలువలో వేశాడు.

నానీకి నేను ఆ మాట చెప్పలేదు. భయం.

ఖత్ తర్వాత క్యాసెట్లు. టేప్ రికార్డరు ముందు ఇల్లంతా కూర్చుని ఒకరి తర్వాత ఒకరు మాట్లాడి, కువైట్ వెళ్ళేవాళ్ళ చేత క్యాసెట్ పంపేవాళ్ళం. గొంతు వినిపించేది, నిజమే. కానీ ఆ టేప్ రికార్డరు ఖాలూది. ఆయన పక్కనే కూర్చునేవాడు. నానీ ప్రతి క్యాసెట్‌లోనూ "సబ్ ఖైరియత్" అనే చెప్పింది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. ఖత్ లేదు, క్యాసెట్ లేదు, ఫోను లేదు. ఊళ్ళో గల్ఫ్ ఇళ్ళన్నీ రేడియో ముందు కూర్చున్నాయి. మన ప్రభుత్వం జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా విమానాలు నడిపి దాదాపు 1 లక్షా 70 వేల మందిని వెనక్కి తెచ్చింది. అందులో మా ఖాలా కూడా ఉంది. బొంబాయిలో దిగి, రైలెక్కి, ఒక చేతిసంచీతో ఇంటికొచ్చింది. వచ్చి చూస్తే ఇల్లు లేదు. పునాదిలో తుమ్మ మొలిచింది.

"అమ్మీ, ఏక్ బాత్ తో బోల్నా థా" అని ఖాలా నానీని అడిగింది, ఒక్క మాటైనా చెప్పాల్సింది కదా అని. నానీ "రాయించాను కదా" అంటూ నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ తెలుసు.

మూడేళ్ళ తర్వాత ఖాలా మళ్ళీ వెళ్ళింది. అప్పటికి మా బజారులో పసుపుపచ్చ ఎస్‌టీడీ బూత్ వచ్చింది. 1984లో సీ-డాట్ పెట్టి శామ్ పిట్రోడా మొదలెట్టిన పని పల్లెల దాకా చేరుతున్న కాలం. రాత్రి బాగా పొద్దుపోయాక ఎస్‌టీడీకి పావు రేటు, కాబట్టి బూత్ ముందు అప్పుడే జాత్రలా ఉండేది. అద్దాల తలుపు ఉండేది గానీ దాన్ని మూస్తే లోపల ఉక్క, తెరిస్తే బయట చెవులు. గల్ఫ్ కాల్ అయితే అరవాలి కూడా. ఎర్ర అంకెల మీటరు పరిగెడుతుంటే, "ఎలా ఉన్నావ్, తిన్నావా, డబ్బులు అందాయి" అని మూడు మాటలు. బూత్ అబ్బాయికి ఊళ్ళో ప్రతి గల్ఫ్ ఇంటి గుట్టూ తెలుసు. పాపం, వాడు కావాలని విన్నది కాదు.

బూత్ తలుపు మూస్తే

ఆ అద్దాల తలుపు గురించి అమెరికా సుప్రీంకోర్టులో ఒక కేసు నడిచిందని చాలా ఏళ్ళ తర్వాత చదివి ఆశ్చర్యపోయాను. లాస్ ఏంజెలెస్‌లో చార్లెస్ కాట్జ్ అనే జూదగాడు వీధి ఫోను బూత్ నుంచి పందేల కబుర్లు పంపేవాడు. ఎఫ్‌బీఐ వాళ్ళు బూత్ బయట మైకు పెట్టి రికార్డు చేశారు. బూత్ అందరిదీ, అందులో అతనికి ఏం హక్కు అని వాళ్ళ వాదన. 1967 డిసెంబరు 18న కోర్టు అతని పక్షాన చెప్పింది. రాజ్యాంగం కాపాడేది మనుషులని, స్థలాలని కాదు అన్నది ఆ తీర్పు సారాంశం. తలుపు మూసుకుని డబ్బు కట్టి మాట్లాడేవాడు తన మాట బయటికి పోదనే భరోసాతోనే మాట్లాడతాడు.

మన సుప్రీంకోర్టు కూడా సరిగ్గా అదే తారీఖున, 1996 డిసెంబరు 18న, పీయూసీఎల్ వేసిన కేసులో ఫోన్ మాటలు మనిషి ప్రైవసీలో భాగమని చెప్పింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద ఇష్టం వచ్చినట్టు ట్యాపింగ్ చేయకూడదని, ఎవరు అనుమతి ఇవ్వాలి, ఎన్నాళ్ళు ఇవ్వాలి అని హద్దులు గీసింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీల బెంచి పుట్టస్వామి కేసులో ఒకే మాటగా ప్రైవసీ ప్రాథమిక హక్కు అని తేల్చింది.

మాటకి హక్ దొరికింది. మరి నంబరుకి?

ఇక్కడ కథ ఇంకోలా తిరుగుతుంది. అమెరికాలో బాల్టిమోర్‌లో ఒకామెని దొంగ దోచుకున్నాడు. ఆ తర్వాత ఇంటికి ఫోన్ చేసి వేధించడం మొదలెట్టాడు. పోలీసులు అనుమానితుడి లైనుకి, అతను తిప్పే నంబర్లు రాసుకునే యంత్రం తగిలించి పట్టుకున్నారు. వారెంటు లేకుండా అట్లా చేయొచ్చా అని కేసు. 1979లో కోర్టు, మాట వేరు, తిప్పిన నంబరు వేరు, నంబరు ఎలాగూ టెలిఫోన్ కంపెనీకి తెలుస్తుంది కాబట్టి దానికి ఆ రక్షణ లేదంది. ఆ కేసులో నంబరు బయటపడడం ఒక ఆడమనిషిని కాపాడింది. అది మర్చిపోకూడదు.

మళ్ళీ 1980ల చివర్లో అక్కడ కాలర్ ఐడీ వచ్చింది. ఫోన్ మోగగానే చేసినవాళ్ళ నంబరు కనిపిస్తుంది. అల్లరి ఫోన్లు ఆగుతాయని సంతోషించినవాళ్ళు ఉన్నారు. కానీ భర్త దెబ్బలు పడలేక ఆశ్రయం పొందిన ఆడవాళ్ళు పిల్లలతో మాట్లాడదామని ఇంటికి ఫోన్ చేస్తే వాళ్ళెక్కడున్నారో బయటపడుతుందే అని కొందరు భయపడ్డారు. పెన్సిల్వేనియాలో కోర్టు 1990లో దాన్ని ట్యాపింగ్ చట్టానికి విరుద్ధం అంది. చివరికి కాల్‌కి ముందు స్టార్ 67 నొక్కితే నంబరు కనపడకుండా పోయే ఏర్పాటు వచ్చింది.

అంటే నంబరు కనపడడం ఒకరికి రక్షణ, ఇంకొకరికి ముప్పు. ఎవరికి ఎప్పుడు చూపించాలో నిర్ణయించే ఇఖ్తియార్ ఎవరి చేతిలో ఉంది అన్నదే అసలు సంగతి.

సిమ్ లేని నంబరు

1995 ఫిబ్రవరిలో ఇజ్రాయెల్ కంపెనీ వోకల్‌టెక్ ఇంటర్నెట్ మీద మాట్లాడే సాఫ్ట్‌వేరు అమ్మకానికి పెట్టింది. 2003 ఆగస్టులో స్కైప్ వచ్చింది. తయారు చేసింది ఎస్టోనియా ఇంజనీర్లు. మొదట కంప్యూటరు నుంచి కంప్యూటరుకే. తర్వాత రెండేళ్ళలోపే మామూలు ఫోనుకి చేయడం, మామూలు ఫోను నుంచి స్కైప్‌కి రావడానికి ఒక నంబరు కొనుక్కోవడం కూడా వచ్చాయి. ఆ స్కైప్ కూడా 2025 మేలో మూతపడింది.

ఈ నంబరు ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పుకుందాం, ఎందుకంటే భయం సగం తెలియకపోవడం వల్లే. మామూలు నంబరు సిమ్‌కి కట్టి ఉంటుంది, సిమ్ ఒక ఫోన్‌లో ఉంటుంది. ఇంటర్నెట్ నంబరు అట్లా కాదు. ఒక కంపెనీ టెలిఫోన్ సంస్థల నుంచి నంబర్లు తీసుకుని తన సర్వర్లకి కడుతుంది. ఎవరైనా ఆ నంబరుకి చేస్తే, ఆ కాల్ గేట్‌వే దగ్గరికి వస్తుంది. అక్కడ గొంతు చిన్నచిన్న ముక్కలై ఇంటర్నెట్ దారిన మన యాప్‌కి చేరుతుంది. మెసేజి కూడా అంతే. మన అసలు నంబరు అవతలివాళ్ళకి కనపడదు. కానీ కంపెనీకి అన్నీ కనపడతాయి. ఎవరికి ఎప్పుడు చేశామో దాని దగ్గర రాసి ఉంటుంది. బూత్ అబ్బాయి పోయాడనుకుంటాం, పోలేదు, అద్దం అవతలికి జరిగాడు.

అమెరికాలో 2005లో గ్రాండ్‌సెంట్రల్ అనే కంపెనీ ఒక ఆలోచన చేసింది. ఒకే నంబరు ఇస్తాం, దానికి వచ్చే కాల్ మీ ఇంటి ఫోనుకీ, ఆఫీసు ఫోనుకీ, మొబైల్‌కీ మీరు చెప్పినట్టు పోతుంది అని. 2007లో గూగుల్ దాన్ని కొని 2009లో గూగుల్ వాయిస్ చేసింది. ఇందులో నాకు బాగా గుర్తుండిపోయింది వేరే. శాన్ ఫ్రాన్సిస్కోలో ఇల్లూవాకిలీ లేనివాళ్ళకి వాళ్ళు ఉచితంగా నంబరూ వాయిస్ మెయిలూ ఇచ్చారు. ఫుట్‌పాత్ మీద పడుకునే మనిషి ఉద్యోగం దరఖాస్తులో ఒక నంబరు రాయగలిగాడు. ఆ నంబరు చూసి అతనికి ఇల్లు లేదని ఎవరూ చెప్పలేరు. అది కూడా పరదాయే. 2012లో అక్కడే బర్నర్ అనే యాప్ వచ్చింది. కొన్నాళ్ళు వాడి పారేసే నంబర్లు, పాత సామాన్లు అమ్మడానికో, కొత్తవాళ్ళని కలిసేటప్పుడో.

మన గల్ఫ్‌వాళ్ళకి ఈ ఇంటర్నెట్ కాల్ జీవనాధారం అయింది. 2015లో వాట్సాప్ కాల్ వచ్చాక బూత్‌ల పని అయిపోయింది. అయినా అన్నిచోట్లా ఒకలా లేదు. సౌదీ 2017 సెప్టెంబరులో ఇంటర్నెట్ కాల్స్ మీద అడ్డు తీసింది. ఎమిరేట్స్‌లో మాత్రం ప్రభుత్వం ఒప్పుకున్న యాప్‌లలోనే మాట్లాడాలి. దుబాయ్‌లో కొడుకున్న తల్లులందరికీ అందుకే బోటిమ్ పేరు నోటికొచ్చు.

ఇంటి బయటి షక్

మన దేశంలో ఇంటర్నెట్ టెలిఫోనీకి 2002 ఏప్రిల్ 1న అనుమతి వచ్చింది. విదేశీ కాల్స్ మీద వీఎస్ఎన్ఎల్ గుత్తాధిపత్యం ముగిసిందీ అదే రోజు. కానీ అనుమతి సగమే. కంప్యూటరు నుంచి ఇక్కడి మామూలు ఫోనుకి చేయడానికి వీల్లేదు. 2018లో ఆ గోడ కొంత తొలగింది. బీఎస్ఎన్ఎల్ వింగ్స్ అని పెట్టి, ఏడాదికి 1,099 రూపాయలకి సిమ్ లేకుండా పది అంకెల నంబరు ఇస్తామంది. గుర్తింపు కాగితాలు మాత్రం తప్పనిసరి. మన దగ్గర పేరులేని నంబరు లేదు, ఉండకూడదన్నదే చట్టం. అమెరికా యాప్‌లలా ఒక్క నొక్కుతో ఇక్కడి నంబరు రాకపోవడానికి కారణం ఇదే.

దీనికి ప్రభుత్వం వైపు నిజమైన కారణాలున్నాయి. 2008 నవంబరులో ముంబై మీద దాడి చేసినవాళ్ళని అవతలి నుంచి నడిపించినవాళ్ళు వాడింది ఇంటర్నెట్ ఫోన్ నంబర్లే. నూట అరవై మందికి పైగా చచ్చిపోయారు. ఇవాళ 'డిజిటల్ అరెస్ట్' అని బెదిరించి ముసలివాళ్ళ పెన్షన్ డబ్బు లాక్కునేవాళ్ళ చేతిలోనూ ఇలాంటి నంబర్లే ఉన్నాయి. విదేశం నుంచి వస్తూ మన దేశపు నంబరులా కనిపించే కాల్స్‌ని ఆపడానికి 2024 అక్టోబరులో టెలికాం శాఖ ప్రత్యేక వ్యవస్థ పెట్టాల్సి వచ్చింది.

ఇంకో మాట కూడా మనలో మనం చెప్పుకోవాలి. మన కుర్రాడి ఫోనులో ఇలాంటి యాప్ కనిపిస్తే, ఎందుకు అనే ప్రశ్న పక్కింటి కుర్రాడి కంటే ముందు మనవాడికే వస్తుంది. అందుకే మన పెద్దలు 'నక్కో బాబా' అంటారు. ఆ భయాన్ని నేను తక్కువ చేయను. కానీ భయానికి మందు, ఆడపిల్లకి రెండో నంబరు వద్దనడం కాదు. మన పేరు మీద, మన కాగితాలతో, చట్టం ఒప్పుకున్న దారిలో తీసుకోవడం. అప్పుడు ఎవరు అడిగినా జవాబు ఉంటుంది.

ఒకరి పేరు మీద ఇంకొకరు సిమ్ తీసుకోవడం మన ఇళ్లలో మామూలే. భాయ్ ఆధార్ మీద బెహెన్ సిమ్, చాచా పేరు మీద పిల్లల సిమ్. మనిషి పేరున తొమ్మిది సిమ్‌ల దాకా చట్టం ఒప్పుకుంటుంది. కానీ మోసం చేసి, ఇంకొకరిలా చూపించి సిమ్ తీసుకుంటే 2023 టెలికాం చట్టం కింద మూడేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జుర్మానా. మీ పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో సంచార్ సాథీ సైట్‌లో చూసుకోవచ్చు. ఈ పని ఇవాళే చేయండి.

దాని జవాబు, దాని సాస్ జవాబు

మళ్ళీ మా పిల్ల దగ్గరికి వస్తా. అన్న చెప్పినట్టు ఒక యాప్‌లో అమెరికా నంబరు తీసుకుని చూసింది. గిరాకీలు ప్లస్ వన్ నంబరు చూడగానే మోసం కాల్ అనుకుని ఎత్తలేదు. పండగ హడావుడిలో నాలుగు వారాలు దాన్ని ముట్టుకోలేదు. తెరిచి చూస్తే నంబరు వెనక్కి తీసేసుకున్నారు. ఉచితంగా ఇచ్చే నంబర్లు వాడకపోతే అట్లా పోతాయి, తర్వాత ఇంకొకరికి పోతాయి. బ్యాంకు ఓటీపీలూ, ఆధారూ అలాంటి నంబరుకి కట్టకూడదనేది అందుకే.

చివరికి తన సొంత ఆధార్ మీద రెండో సిమ్ తీసుకుంది. దాంట్లో వ్యాపారం వాట్సాప్, దుకాణం గోడ మీదా ఆ నంబరే. మొదటి నంబరు ఇంటివాళ్ళకీ, బ్యాంకుకీ. ఇంటర్నెట్ నంబరు కన్నా పాతకాలపు దారే, కానీ మన దేశంలో దాని పనికి అదే సరిపోయింది. విదేశాల్లో ఉన్న మన పిల్లలకైతే ఇంటర్నెట్ నంబరు బాగానే పనికొస్తుంది. ఎవరి అవసరం వాళ్ళది.

ఇక సాస్ సంగతి. పండగ తర్వాత షీర్ ఖుర్మా పట్టుకుని నేనే వాళ్ళింటికి పోయాను. ఆమెకి స్ట్రోజర్ కథ చెప్పలేదు, కోర్టు తీర్పులు చెప్పలేదు. మా నానీ ఖత్ కథ చెప్పాను. కాలువలో తేలిన కాగితం ముక్కల గురించి చెప్పాను. ముప్పై ఐదేళ్ళలో ఆ మాట బయటికి చెప్పడం నాకు అదే మొదటిసారి. నానీ లేదు ఇప్పుడు, ఆమెకి చెప్పే అదృష్టం పోగొట్టుకున్నాను.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అంది, తన భర్త సౌదీలో ఉన్న పన్నెండేళ్ళూ బూత్‌లో అత్తగారు పక్కనే నిలబడేదట. "ఏక్ బార్ భీ దిల్ ఖోల్కే బాత్ నై కరీ మై" అంది. ఒక్కసారైనా మనసు విప్పి మాట్లాడుకోలేదట.

పరాయి ఇంట్లోకి పోయేముందు సలాం చెప్పి ఇజాజత్ అడగాలని మనకి చిన్నప్పుడే నేర్పారు. ఫోను కూడా ఒక గడపే. రాత్రి ఒంటిగంటకి 'హాయ్' అనేవాడు గోడ దూకుతున్నాడు. గోడ కొంచెం ఎత్తు పెంచుకున్న పిల్లని 'గోడ కైకు' అని అడగడం ఏం ఇన్సాఫ్?

మొన్న మా పిల్ల మళ్ళీ ఫోన్ చేసింది, మొదటి నంబరు నుంచి. ఇషా నమాజ్ అవగానే వాళ్ళ సాసే పని ఫోను తీసుకుని స్విచ్చాఫ్ చేసి అలమారులో పెడుతోందట. పొద్దున తొమ్మిదికి తీసి ఇస్తోందట. "నేను మర్చిపోయినా ఆమె మర్చిపోదు ఖాలా" అంది.

మీ ఇళ్లలో కూడా ఈ ప్రశ్న వచ్చి ఉంటుంది. వచ్చినప్పుడు జవాబు చెప్పేముందు, మీ నానీనో దాదీనో ఒకసారి అడగండి, వాళ్ళు ఎవరికీ చెప్పుకోలేకపోయిన మాట ఏదని.

ఖుదా హాఫిజ్.